ఆ కూత ఆపమని అడక్కండి: మన తుపాను సర్వీసుకి ఒక కాశీబుగ్గ ఫోన్ల షాపువాడి రివ్యూ

మామూలుగా నేను రివ్యూ రాస్తే ఛార్జరుకో పవర్ బ్యాంకుకో రాస్తాను, ఎందుకంటే నాది కాశీబుగ్గలో ఫోన్ల రిపేరు షాపు, పొద్దున్నుంచి రాత్రి దాకా చేతిలో ఉండేవి అవే. ఈసారి డబ్బులిచ్చి కొన్న వస్తువు గురించి కాదు. పెద్ద ఆపద వస్తుందంటే ఢిల్లీలో మొదలై మన వీధి చివర దాకా కదిలే సర్కారు యంత్రాంగం ఉంది కదా, హెచ్చరికలు, షెల్టర్లు, నారింజ రంగు బట్టలవాళ్లు, ఆ తర్వాత నష్టాల లెక్కలు, అదంతా కలిపి ఒక సర్వీసు అనుకోండి. దానికి మనం పుట్టిన రోజు నుంచి కస్టమర్లమే, నచ్చలేదని వేరే కంపెనీకి పోర్ట్ పెట్టుకుందామంటే కుదరదు.

మా ఊరు శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో, రాత్రి పూట సముద్రం హోరు వినపడేంత దూరంలో ఉంటుంది. అందుకని ఈ సర్వీసుని మేం వాడినంతగా పట్నాల్లో పైఅంతస్తు ఫ్లాటుల్లో ఉన్నవాళ్లు వాడి ఉండరు. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, 2021లో గులాబ్. ఇందులో మొదటి మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయి. మా నాయనమ్మయితే ఆ రెండు రోజులూ క్యాలెండరు వైపు చూడదు, ఆ వారంలో ముహూర్తం పెట్టుకుంటే పెళ్లికి కూడా రానంటుంది.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్నొక ఆవిడ షాపుకొచ్చి ఫోను కౌంటరు మీద పెట్టి, "ఏటి బాబూ ఇది, ఉన్నట్టుండి అలగ కూత పెట్టేసింది, నిద్దట్లో ఉన్న మా గుంటడు ఉలిక్కిపడి ఏడుపు. ఎంతైతే అంత తీసుకో గానీ ఇది మళ్లీ మోగకుండా చేసీ" అంది. ఇలా అడిగినవాళ్లలో ఆవిడ మొదటిది కాదు. 2023లో ఆపద హెచ్చరికకి వచ్చే ఈ మోత దేశమంతా విడతలవారీగా టెస్టు చేసినప్పుడు ఆ రోజు షాపు ముందు చిన్న జాతర. కొందరు వైరస్ అన్నారు, కొందరు బ్యాంకులో డబ్బులు పోయాయన్నారు, ఒక పెద్దాయన బ్యాటరీ తీసి తువ్వాలులో మూటకట్టి తెచ్చాడు, పేలుతుందేమోనని. అందులో రాసిందేమో ఇది నమూనా సందేశం, పట్టించుకోనక్కర్లేదు అని. అంత మోత పెట్టి పట్టించుకోవద్దంటే ఎవరు ఊరుకుంటారు?

ముందు ఆ కూత సంగతే చెప్తాను, ఈ మొత్తం సర్వీసులో నాకు బాగా నచ్చిన భాగం అదే కాబట్టి. అది ఎస్సెమ్మెస్ కాదు. ఎస్సెమ్మెస్ అయితే ఒక్కో నంబరుకీ విడివిడిగా పోవాలి, లక్షల మందికి ఒకేసారి పంపితే లైను నిండిపోయి సగం మందికి తెల్లారాక వస్తుంది, గాలి వెళ్లిపోయాక హెచ్చరిక చదువుకోవాలి. ఇదేమో సెల్ బ్రాడ్‌కాస్ట్, రేడియోలాంటిది. టవరు ఒక్కసారి వదిలితే ఆ టవరు కింద ఉన్న ఫోన్లన్నిటికీ ఒక్కసారే పడుతుంది. మీ నంబరు ఎవరి దగ్గరా ఉండక్కర్లేదు, డేటా బ్యాలెన్సు అక్కర్లేదు, చెన్నై నుంచి చుట్టపు చూపుగా వచ్చినవాడి ఫోను కూడా మోగుతుంది. సీ-డాట్ అనే మన సర్కారు టెలికాం సంస్థే తయారుచేసింది. రిపేరువాడిగా చెప్తున్నాను, పని చేసే విధానం చూస్తే ముచ్చటేస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. షాపులో నేను చూసినంతవరకు పాత కీప్యాడు ఫోన్లు కొన్నిటికి ఇది రాదు, వచ్చినా చప్పుడు లేకుండా ఒక గడిలా వచ్చి పోతుంది. వేటకెళ్లేవాళ్లలో, తోటల్లో కాపలా ఉండేవాళ్లలో ఎక్కువమంది చేతిలో ఉండేవి అవే. అంటే ముందు ఎవరికి తెలియాలో వాళ్ల ఫోనే మూగది. ఇంకోటి, ఇది టవరు బతికున్నంతసేపే. కరెంటు పోయాక టవరుకి బ్యాటరీ, ఆ తర్వాత డీజిలు, డీజిలు పోయడానికి మనిషి రావాలి, మనిషి రావాలంటే రోడ్డు ఉండాలి. కాబట్టి ఇది గాలి రాకముందు పనికొచ్చే వస్తువు, వచ్చాక కాదు.

2018లో ఇది లేదు. అప్పుడు మాకు మైకు కట్టిన ఆటో వచ్చింది. అక్టోబరు 10 మధ్యాహ్నం నుంచి మూడుసార్లు తిరిగింది, మూడోసారికి మైకులో ఆయన గొంతు బొంగురుపోయింది. అంతకు ముందే వేటకి వెళ్లొద్దని కబురు వచ్చింది, తెప్పలు ఒడ్డెక్కించారు. ఆ కబురు వెనకాల ఉన్న పద్ధతి నాకు తర్వాత తెలిసింది. వాతావరణ శాఖ తుపానుకి నాలుగు మెట్లలో చెప్తుంది. 72 గంటల ముందు ఒక ముందస్తు సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్, 12 గంటల ముందు తీరం దాటాక లోపలి ఊళ్లకి ఏమవుతుందో అది. మన వైపు కబురు విశాఖలోని తుపాను హెచ్చరిక కేంద్రం నుంచి వస్తుంది. ఢిల్లీలో క్యాబినెట్ సెక్రటరీ అధ్యక్షుడిగా జాతీయ సంక్షోభ నిర్వహణ కమిటీ ఒకటి ఉంది, తుపాను రాబోతుంటే అది మన చీఫ్ సెక్రటరీని, పక్క రాష్ట్రం చీఫ్ సెక్రటరీని వీడియోలో కూర్చోబెట్టి ఎంతమందిని ఖాళీ చేయించారు, ఎన్ని బృందాలు కావాలి అని ఆరా తీస్తుంది. అక్కడ నుంచి కలెక్టరు, తహసీల్దారు, చివరికి మా ఆటో. బొంగురు గొంతు వెనక ఇంత ఉందన్నమాట.

ఇంతకీ ఇది బాగా పని చేస్తుందా? ప్రాణాల విషయంలో చేస్తుంది, ఇందులో నాకు అనుమానం లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు 10,000 మంది పోయారు. 1999 అక్టోబరు 29న ఒడిశా సూపర్ సైక్లోన్‌లో మళ్లీ దాదాపు అంతమంది. ఆ తర్వాత 2001లో భుజ్ భూకంపం, 2004 డిసెంబరు 26న సునామీ. ఇన్ని దెబ్బలు తిన్నాక 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది, ప్రధానమంత్రి అధ్యక్షుడిగా జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ అదే ఎన్‌డీఎంఏ, దాని వెంటే స్పందన దళం అదే ఎన్‌డీఆర్‌ఎఫ్ వచ్చాయి. సునామీ మీద కన్నేసి ఉంచడానికి 2007లో హైదరాబాదులో కేంద్రం పెట్టారు, సముద్రం లేని ఊళ్లో సముద్రానికి కాపలా. ఇవన్నీ అయ్యాక 2013లో ఫైలిన్ వచ్చింది, 1999 నాటి దానికి దగ్గరి చుట్టంలాంటి గాలి, మాకు పక్కనే గోపాలపూర్ దగ్గర దాటింది. ఈసారి దాదాపు 10 లక్షల మందిని ముందే కదిలించారు. చనిపోయినవాళ్లు పదుల్లో ఉన్నారు. పది వేలెక్కడ, పదులెక్కడ? ఎవరెన్ని తిట్టుకున్నా ఈ లెక్క ముందు నోరు మూసుకోవాల్సిందే. అయిదుకి అయిదు స్టార్లు ఇక్కడే ఇచ్చేస్తున్నా.

భాష దగ్గర మాత్రం రెండు స్టార్లు కొయ్యాలనిపిస్తుంది. టీవీలో "కళింగపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అంటారు, ఇంట్లో కూర్చున్నవాళ్లు పదికి మూడే కదా, పర్లేదులే అనుకుంటారు. ఆ నంబర్లు ఓడలవాళ్ల కోసం, 11 దాకా ఉంటాయి, అందులో 11 అంటే గాలి ఇంకా పెద్దదని కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధమే తెగిపోయిందని. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు, షాపుకొచ్చే ఒక పాత సరంగు, అదే పడవ నడిపే పెద్ద, చెప్పాడు. రంగుల సంగతీ అంతే. రెడ్ అలర్ట్ అంటే "ఇక ఆలోచించకు, కదులు" అని అర్థం, నారింజ అంటే మూట కట్టుకుని ఉండు, పసుపు అంటే గమనిస్తూ ఉండు. మనవాళ్లేమో ఎరుపంటే పెద్ద వాన, పసుపంటే చిన్న వాన అనుకుంటారు. "ఒకటి రెండు చోట్ల భారీ నుంచి అతి భారీ వర్షాలు" అంటే నవ్వుతారు గానీ దానికీ లెక్క ఉంది, ఒక రోజులో 6.45 సెంటీమీటర్లు దాటితే భారీ, 11.5 దాటితే అతి భారీ, 20.4 దాటితే అత్యంత భారీ. మన జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం. రణస్థలం దగ్గర ఎండ కాస్తుంటే ఇచ్ఛాపురంలో కుండపోత కురవొచ్చు, జిల్లాకంతా ఒకే రంగు వేస్తే సగం మందికి అది అబద్ధంలా కనిపిస్తుంది, రెండుసార్లు అబద్ధం అనిపించాక మూడోసారి ఎవడు వింటాడు.

తిత్లీ రాత్రి గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే. మా ఊరికి తుపాను షెల్టరు ఉంది, ఎత్తు స్తంభాల మీద కట్టి పక్కన ర్యాంపు పెట్టిన బిల్డింగు. 2011లో ప్రపంచ బ్యాంకు అప్పుతో కేంద్రం మొదలుపెట్టిన తుపాను ముప్పు ప్రాజెక్టు ఒకటుంది, మొదటి విడతలో ఆంధ్ర, ఒడిశాలే ఉన్నాయి, అలాంటి షెల్టర్లు తీరమంతా దాని కింద చాలా కట్టారు. బిల్డింగు గట్టిదే, గోడకి చెయ్యి పెడితే తెలుస్తుంది. కానీ సాయంత్రం ఆరింటికి మేం మూటలతో వెళ్తే తలుపుకి తాళం. తాళంచెవి ఉన్నాయన టౌనుకి వెళ్లాడు. ముప్పావుగంట వానలో ర్యాంపు మీద నిలబడ్డాం, పిల్లలు, ముసలివాళ్లు, రెండు మేకలు. ఆయన్నేమీ అనలేం, ఏడాదికి ఒక్కసారి తెరిచే తాళం జేబులో వేసుకుని ఎవడు తిరుగుతాడు. కోట్ల రూపాయల ప్రాజెక్టుకి ఆఖరి స్క్రూ ఎప్పుడూ ఇలాంటి చోటే ఊడుతుంది.

మా అమ్మ రాలేదు. "ఆవునెక్కడ కడతావురా, దాన్నొగ్గేసి నాను రాను" అని కూచుంది. షెల్టర్లో మనుషులకి చోటుంది, గొడ్లకి లేదు, మా వైపు సగం మంది ఇల్లు వదలకపోవడానికి ఇదే కారణం, భయం లేక కాదు. చివరికి ఆవుని పలుపు విప్పి తోటలోకి తోలేశాక వచ్చింది, దారంతా నన్ను తిడుతూనే ఉంది. రాత్రి ఒంటిగంట దాకా గాలి మామూలుగానే ఉంది, ఒకరిద్దరు ఇంటికెళ్లిపోదామన్నారు. ఆ తర్వాత మొదలైంది. నాలుగున్నర, అయిదు ప్రాంతంలో, అంటే పలాస దగ్గర తీరం దాటుతున్న టైములో, గాలి వేగం గంటకి 140, 150 కిలోమీటర్లని తర్వాత చదివాను. మాకు వినిపించింది మాత్రం రైలు మా మీద నుంచి వెళ్తున్నట్టు, వెళ్తూనే ఉన్నట్టు, పెట్టెలు అయిపోనట్టు. రేకులు ఎగిరి వచ్చి షెల్టరు గోడకి కొట్టుకున్న ప్రతిసారీ అది ఎవరింటి రేకో అని లెక్కలు వేస్తున్నారు. ఆ గదిలో ఉన్న దాదాపు రెండొందల మందిలో ఒక్కరికీ గీత కూడా పడలేదు. ఆవు కూడా మూడో రోజు తిరిగొచ్చింది, ఒక కొమ్ము విరిగి.

తెల్లారాక ర్యాంపు దిగి చూస్తే ఆకాశం ఎక్కువగా ఉంది. దీన్ని ఇంకోలా చెప్పడం నాకు రాదు. ఉద్దానంలో, అంటే మా కొబ్బరి, జీడి తోటల నేలలో, పుట్టినవాడికి తలెత్తితే కొబ్బరి మట్టల సందుల్లోంచి కనిపించే ముక్కలే ఆకాశం, అంత పెద్ద ఆకాశం ఒక్కసారి చూడటం అదే మొదలు. జీడి చెట్లు వేళ్లతో సహా పెకలించి పక్కకి పడుకోబెట్టినట్టున్నాయి.

ఇక్కడ నుంచి సర్వీసులో రెండో భాగం. ముందు మంచి చెప్తాను. మా వీధిలో ఒకాయనకి డయాలసిస్, ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి తెలియనివాళ్లు ఉండరు కదా, వారానికి మూడుసార్లు వెళ్లాలి. తెల్లారితే ఆయన వంతు. రోడ్డు మీద అడుగుకో చెట్టు. షెల్టరు లిస్టులో ఆయన పేరు, వయసు, ఆధార్ నంబరు రాసుకున్నారు గానీ ఆయనకి రేపు పొద్దున్న మిషను మీద పడుకోకపోతే ఏమవుతుందో రాసుకోవడానికి అందులో గడి లేదు. ఇద్దరు కుర్రాళ్లు బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని పొలాల గట్ల వెంట బయల్దేరారు. మెయిన్ రోడ్డు మీదకి వచ్చేసరికి నారింజ రంగు బట్టలవాళ్లు పెట్రోలు రంపాలతో చెట్లు కోస్తున్నారు. ఎన్‌డీఆర్‌ఎఫ్ బృందం అంటే 45 మంది, ఇలాంటివి ఒక్కో బెటాలియనుకి 18, తుపాను దాటాక బయల్దేరరు, ముందే వచ్చి దగ్గర్లో దిగి ఉంటారు, అసలు కిటుకంతా అందులోనే ఉంది. వాళ్లలో ఒకడు, హిందీ కుర్రాడు, పేషెంటుని చూసి రంపం ఆపి, ఇద్దరు మనుషులతో బండిని ఎత్తి దుంగ అవతల పెట్టాడట. ఆయన ఆ రోజు బతికాడు, ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. ఆ రంపం కుర్రాడికి ఎన్ని స్టార్లిచ్చినా తక్కువే.

ఆ తర్వాత కరెంటు. మా ఊళ్లో తొమ్మిది రోజులు లేదు. స్తంభాలు వేలల్లో పడ్డాయి, వేరే జిల్లాల నుంచి కూడా లైన్‌మన్లు వచ్చి పని చేశారు, వాళ్ల కష్టం కళ్లారా చూశాను, వాళ్లని అనను. నా షాపులో చిన్న జనరేటరు ఉంది. ఒక చెక్కకి ముప్పై ప్లగ్గులు బిగించి ఫోన్లు ఛార్జింగు పెట్టాను, ప్రతి ఫోనుకీ తెల్ల టేపు ముక్క మీద పేరు. మొదటి రోజు ఫోనుకి పది రూపాయలు తీసుకున్నాను, డీజిలు ఖర్చని నాకు నేనే చెప్పుకున్నాను, రెండో రోజు మా తెలుగు మాస్టారి ఫోను కూడా ఆ వరసలో కనిపించేసరికి సిగ్గేసి మానేశాను. విచిత్రం ఏంటంటే అప్పటికి ఎక్కడా సిగ్నలు లేదు. అయినా ఛార్జింగు కోసం లైను. దేనికంటే, టార్చి లైటు కోసం.

ఇక నష్టపరిహారం. రేటింగులు దభీమని పడిపోయేది ఇక్కడే, కొంచెం ఓపికగా చదవండి. రాష్ట్ర విపత్తు స్పందన నిధి అని ఉంటుంది, మనలాంటి రాష్ట్రాలకి అందులో 100కి 75 కేంద్రం, 25 రాష్ట్రం వేస్తాయి. దాంట్లోంచి ఎవరికి ఎంత ఇవ్వాలో ఢిల్లీ ముందే రేటు కార్డు ఇస్తుంది, హోటల్లో గోడ మీద రాసినట్టు. ప్రాణం పోతే 4 లక్షలు. పంట అయితే 33 శాతం పైన పోవాలి, రెండు హెక్టార్ల వరకే. కొబ్బరి, జీడి, మామిడి లాంటి తోటలకి తిత్లీ నాటి కార్డులో హెక్టారుకి 18,000. హెక్టారుకి కొబ్బరి చెట్లు సుమారు 175 వేస్తారు. భాగించి చూసుకోండి, చెట్టుకి నూట మూడు రూపాయలు. పడిపోయిన చెట్టుని కోయించి, ఈడ్పించి, మొద్దు తవ్వించడానికే అంతకి ఎన్నో రెట్లవుతుంది, కొత్త మొక్క పెడితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఈ కార్డుతో పని జరగదని అప్పట్లో రాష్ట్రం తన చేతి నుంచి కలిపి చెట్టు లెక్కన ఎక్కువే ఇచ్చింది, ఆ మాట చెప్పాలి. తర్వాత ఢిల్లీ కార్డు కూడా 22,500కి పెరిగింది. మళ్లీ భాగించండి, నూట ఇరవై తొమ్మిది.

లెక్క రాసుకోవడానికి మా తోటకి ఒక కుర్రాడు పన్నెండో రోజు వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు విప్పి గట్టెక్కాడు. అతని కాగితంలో "పడిపోయిన చెట్లు" అని ఒక్క గడి ఉంది. మా నాన్న చూపించినవి సగం పడిపోలేదు, నిలబడే ఉన్నాయి, మొవ్వు విరిగిపోయింది. కొబ్బరికి మొవ్వు పోతే చెట్టు పోయినట్టే, పాలెం పిల్లాడికి కూడా తెలుసు. "నిలబడ్డాయి కదండీ" అన్నాడతను. "నిలబడితే బతికున్నట్టేటి బాబూ" అని మా నాన్న ఒకే ఒక్కమాట అన్నాడు, ఇక మాట్లాడలేదు. వాటి పేరు మీద మాకు ఒక్క రూపాయి రాలేదు. రెండు నెలలకి అవి ఒక్కొక్కటీ కరెంటు స్తంభాల్లా బోడిగా మిగిలాయి. పక్క తోట కౌలుకి చేసుకునే ఆయన పరిస్థితి ఇంకా అన్యాయం, చెట్లు పెంచింది ఈయన, పాసుపుస్తకం టౌన్లో ఉన్న యజమానిది, డబ్బు పుస్తకాన్ని చూసుకుంటూ వెళ్లింది.

ప్రతి తుపానుకీ మన నాయకులు "దీన్ని జాతీయ విపత్తుగా ప్రకటించాలి" అంటారు, మనం చప్పట్లు కొడతాం. అలా ప్రకటించే ఏర్పాటే నిబంధనల్లో లేదని కేంద్రం పార్లమెంటులో ఎన్నిసార్లు చెప్పిందో. జరిగేది ఏంటంటే రాష్ట్రం అర్జీ పెడుతుంది, రకరకాల శాఖల అధికారులతో కేంద్ర బృందం వచ్చి చూసి వెళ్తుంది, హోంమంత్రి అధ్యక్షతన ఉన్నతస్థాయి కమిటీ కూర్చుని జాతీయ నిధి నుంచి ఎంత ఇవ్వాలో తేలుస్తుంది. బృందం వచ్చేసరికి జనం రోడ్లు ఊడ్చుకుని, రేకులు వేసుకుని ఉంటారు, బతకాలి కదా. అప్పుడు వాళ్లకి కనపడేది ఫొటో ఆల్బమే.

15వ ఆర్థిక సంఘం వచ్చాక 2021 నుంచి ఈ నిధిని విడదీశారు, 100లో 40 అప్పటికప్పుడు ఆదుకోవడానికి, 30 మళ్లీ నిలబెట్టుకోవడానికి, 10 ముందస్తు సన్నద్ధతకి, మిగతా 20 అసలు ముప్పే తగ్గించుకోవడానికి. అంటే తీరం దాటడంతో పని అయిపోదని ఢిల్లీకీ తెలిసిందన్నమాట. హుద్‌హుద్ తర్వాత విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి దించే పని పెట్టుకున్నారు, అలాంటివే కావాలి. మా వీధిలో తీగలు ఇంకా పైనే ఉన్నాయి, కొత్త స్తంభాలు పాత గోతుల పక్కనే పాతారు.

ఇంకో సంగతి, తుపాను కాదు గానీ ఇదే చట్టం, ఇదే కంపెనీ అనుకోండి. 2020 మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి టీవీలో చెప్పి, పన్నెండింటి నుంచి దేశం మొత్తం లాక్‌డౌన్ పెట్టింది ఈ 2005 చట్టం కిందనే. మా బాబాయి కొడుకు అప్పుడు గుజరాత్‌లో వేరావల్‌లో ఉన్నాడు, మన జిల్లా నుంచి, విజయనగరం నుంచి వేలమంది అక్కడ బోట్ల మీద పనికి వెళ్తారు. నెల పైన రేవులో కట్టేసిన బోటులోనే పడుకున్నారు, వండుకున్నారు, ఫోన్లో రీచార్జి నేను వేసేవాడిని. ఏప్రిల్ ఆఖరులో బస్సులు పెట్టి నాలుగు వేల మంది పైన వెనక్కి తెచ్చారు, రోజుల తరబడి ప్రయాణం, దిగాక కాళ్లు వాచిపోయాయి వాడికి. తుపానుకి 72 గంటల ముందు చెప్పగలిగిన వాళ్లు దానికి నాలుగు గంటలే ఇచ్చారు. జబ్బు గాలిలా మ్యాపులో కనపడదు, నిజమే, కానీ బస్సులు నెల తర్వాత దొరికినవి ముందు ఎందుకు దొరకలేదని వాడు ఇప్పటికీ అడుగుతాడు, నా దగ్గర జవాబు లేదు.

స్టార్లు వేసేస్తాను. ముందే చెప్పడానికి అయిదు, అర్థమయ్యేలా చెప్పడానికి మూడు. షెల్టరుకి నాలుగు, గొడ్లకి చోటు పెట్టి తాళంచెవి ఇద్దరి దగ్గర ఉంచితే అయిదు. రంపం కుర్రాళ్లకి అయిదు. గాలి వెళ్లిపోయాక మొదలయ్యే కాగితాల పనికి రెండు, అందులో ఒకటి చెప్పులు విప్పి గట్టెక్కినందుకు. లాక్‌డౌన్ కబురుకి ఒకటి.

వాడేవాళ్లకి నేను చెప్పేది కొంచెమే. ఎన్‌డీఎంఏ వాళ్ల సచేత్ యాప్ వేసుకోండి, ఊరు పెట్టుకుంటే ఆ ఊరి హెచ్చరికలే వస్తాయి. పిడుగులకి దామిని యాప్, తాటిచెట్ల కింద నిలబడే అలవాటు ఉన్న మన జిల్లాకి అది ముఖ్యం. జిల్లా కంట్రోల్ రూము 1077, రాష్ట్రానిది 1070, కాగితం మీద రాసి గోడకి అంటించండి, ఫోన్లో సేవ్ చేస్తే ఫోను ఆగిపోయిన రోజు ఏం చేస్తారు. తుపాను తర్వాత మీ నెట్‌వర్క్ లేదని ఫోను పక్కన పడేయకండి, అలాంటప్పుడు ఒక కంపెనీ సిమ్ము ఇంకో కంపెనీ టవరు మీద పనిచేసేలా టెలికాం శాఖ అనుమతి ఇస్తుంది, సెట్టింగుల్లో నెట్‌వర్క్ మాన్యువల్ పెట్టి దొరికినదాన్ని నొక్కి చూడండి.

ఆ రోజు వచ్చినావిడ ఫోనులో ఆ కూత నేను ఆపలేదు. సెట్టింగు ఎక్కడుందో తెలుసు, రెండు నొక్కుళ్ల పని, యాభై రూపాయలు ఊరికే వచ్చేవి. అదేంటో కూర్చోబెట్టి చెప్పాను, వాళ్లాయన వేటకెళ్తాడట, ఆయనది కీప్యాడు ఫోనట. "అయితే నాది మోగితే ఆడికి నాను ఫోను సెయ్యాలా?" అంది. అవునన్నాను. కాసేపు ఆలోచించి, "సౌండు ఇంకా పెంచడానికవుద్దా?" అని అడిగింది.